కళను వెంట తీసుకొని విదేశం వెళ్ళే విశాఖ స్త్రీలకు

పెళ్ళి కుదిరి గానీ, భర్తకు బయటి దేశంలో ఉద్యోగం వచ్చి గానీ, పై చదువుకు సీటు దొరికి గానీ విశాఖపట్నం విడిచి వెళ్ళబోయే అమ్మాయిలు మా ఇంటికి వచ్చి అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా, ఆవకాయ సీసాను ఎలా చుట్టాలి, ఒక్కో పెట్టె ఎన్ని కిలోలు ఉండవచ్చు అని అన్నీ అడిగి, లేచి గుమ్మం దాకా వెళ్ళాక, చెప్పులు తొడుక్కుంటూ, గొంతు కాస్త తగ్గించి, "అక్కడికెళ్ళాక నా డాన్సు సాగుతుందంటారా ఆంటీ?" అనో, "బొమ్మలు వేసుకోవడానికి వీలవుతుందా?" అనో అడుగుతారు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పగలిగినంత చిన్న జవాబు కాదది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను బట్ట మీద బొమ్మలు వేసే పని చేస్తాను. డిపెండెంట్ వీసా మీద, అంటే భర్త వీసాను ఆధారం చేసుకొని ఇచ్చే వీసా మీద, అమెరికా వెళ్ళి, న్యూజెర్సీలో ఎనిమిదేళ్ళు ఉండి, తిరిగి విశాఖ వచ్చాను. వెళ్ళిన తొలి రెండేళ్ళలో ఒక పెద్ద పొరపాటు చేశాను. సంపాదించడానికి అనుమతి లేదు కనుక పని చేయవలసిన అవసరమూ లేదనుకొని, కుంచెలను పెట్టె అడుగున పెట్టేశాను. అనుమతి పత్రం చేతికి వచ్చిన నాటికి చెయ్యి బిగుసుకుపోయింది, ఎవరైనా "ఈ మధ్య ఏం చేశారు?" అని అడిగితే చూపించడానికి ఒక్క కొత్త గుడ్డముక్క కూడా లేదు. బొమ్మ గీయడానికి, పాట సాధన చేయడానికి, కథ రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని, దానికి డబ్బు తీసుకోవడానికి మాత్రమే ప్రభుత్వం అనుమతి కావాలని అప్పుడు అర్థమైంది. ఈ రెండింటినీ మనసులో వేరుగా పెట్టుకుంటే కింద చెప్పబోయే విషయాలన్నీ వాటంతట అవే ఒక వరుసలో కూర్చుంటాయి.

బయలుదేరక ముందు

అన్నిటికంటే ముందు పేరు సంగతి చూసుకోవాలి. మన పదో తరగతి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. డిగ్రీలో ఇంకోలా ఉంటుంది. పెళ్ళయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు చేరుతుంది. ప్రదర్శనల కరపత్రాల్లో మరో పేరు ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టుతో అమెరికా వీసాకు వెళితే, ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండవలసిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" అనే మూడక్షరాలు అచ్చవుతాయి. పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలు బ్యాంకు ఖాతా మొదలుకొని డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటాడతాయి. మర్రిపాలెంలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో ఉండగానే దీన్ని సరిచేసుకోవడం తేలిక. కళాకారిణిగా మీరు వాడే పేరు పాస్‌పోర్టు పేరుతో ఒకటి కానక్కరలేదు. కానీ దాన్ని ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాస్తారో ఇప్పుడే నిర్ణయించుకొని, ప్రతిచోటా అదే వాడండి. పుట్టింటి ఇంటిపేరుతో పదేళ్ళుగా పది మందికీ తెలిసిన నాట్యకళాకారిణి ఆ పేరును వేదిక కోసం ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. ఉంచుకోవాలనే నేను చెబుతాను.

తరువాత కాగితాలు. డిపెండెంట్‌గా వెళ్ళేవారికి వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరిగా కావాలి. పెళ్ళి ఫొటోలు, శుభలేఖ దానికి బదులు కావు. డిగ్రీ చదివినవారు విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్స్‌క్రిప్టులను సీలు వేసిన కవర్లలో, వీలైతే రెండు మూడు ప్రతులు, ముందే తీసుకోవాలి. విదేశాల్లో చదువును లెక్కగట్టే సంస్థలు చాలావరకు విశ్వవిద్యాలయం నేరుగా పంపిన ప్రతినో, సీలు విప్పని కవరునో కోరతాయి. సముద్రాల అవతల కూర్చుని ఈ పని చేయించుకోవడానికి నాన్నగారిని నాలుగుసార్లు ఆంధ్రా విశ్వవిద్యాలయం చుట్టూ తిప్పవలసి వస్తుంది. ఒక దేశపు పత్రాలను ఒకే ముద్రతో ఇంకో దేశం అంగీకరించే అపోస్టిల్ ఒప్పందం భారతదేశంలో 2005 జూలై నుంచి అమలులో ఉంది కనుక ఆ ఒప్పందంలో ఉన్న చాలా దేశాలకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. కెనడాలో కూడా 2024 జనవరి 11 నుంచి ఇది అమలులోకి వచ్చింది. దుబాయి, అబుదాబి వెళ్ళేవారికి మాత్రం ఇది చాలదు. ఎమిరేట్స్ ఆ ఒప్పందంలో లేదు కనుక ఆ దేశ దౌత్య కార్యాలయం ధ్రువీకరణ కూడా కావాలి.

ఇక ఈ భాగంలో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది పోర్ట్‌ఫోలియో, అంటే మీ పనుల నమూనాల సంపుటి. గత సంవత్సరం మా మేనకోడలు బయలుదేరడానికి నెల ముందు, తను వేసిన పనులన్నీ ఫొటోలు తీసింది. మొదటి రోజు ట్యూబులైటు కింద తీస్తే ఎరుపు ఇటుక రంగులోకి, తెలుపు పచ్చటి ఛాయలోకి వెళ్ళిపోయాయి. మర్నాడు ఎంవీపీ కాలనీలో మా డాబా మీద, ఉదయం ఏడు లోపు, నీళ్ళ ట్యాంకు నీడ పడే గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని మీద చీర వేలాడదీసింది. సముద్రపు గాలికి కొంగు ఎగిరిపోతుంటే, కింది అంచు మడతలో వెదురు బద్ద దూర్చి, బద్దకు రెండు చివరలా బట్టల క్లిప్పులు పెట్టింది. ఒక్కో చీరకు నాలుగు ఫొటోలు: మొత్తం, కొంగు, అంచు, వేలు పక్కన పెట్టి గీత ఎంత సన్నగా ఉందో తెలిసేలా ఒక దగ్గరి ఫొటో. ప్రతి దానికీ వేసిన సంవత్సరం, కొలతలు, బట్ట రకం, రంగుల రకం, పట్టిన గంటలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ గంటల లెక్క తరువాత ధర కట్టేటప్పుడు ఎంత ఉపయోగపడిందో ముందుముందు చెబుతాను. కాగితం మీద వేసిన బొమ్మలైతే 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. మన ఊరి తేమకు కాగితం అంచులు ముడుచుకుంటాయి కనుక, స్కాన్‌కు ముందు రెండు రోజులు బరువు కింద ఉంచండి. నాట్యం, సంగీతం చేసేవారు ఎడిట్ చేయని, ఒకే కెమెరాతో తీసిన పది నిమిషాల ప్రదర్శన ఒకటి తప్పక దగ్గర పెట్టుకోవాలి. ఎంపిక చేసేవారు మెరుపు ముక్కల కంటే దాన్నే నమ్ముతారు.

కార్యక్రమాల కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన వార్తల కత్తిరింపులు, గురువుగారు రాసిచ్చే ఉత్తరం, పని ఇచ్చినవారి ఉత్తరాలు కూడా సేకరించుకోండి. అమెరికాలో కళాకారులకు ఇచ్చే ఓ-1బి వీసాకైనా, బ్రిటన్‌లో 2020లో మొదలైన గ్లోబల్ టాలెంట్ వీసాకైనా ఇలాంటి రుజువులే ఆధారం. బ్రిటన్‌లో కళల విషయంలో సిఫారసు చేసేది ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్. అవి మీకు ఐదేళ్ళ తరువాత అవసరపడవచ్చు; కానీ 2016లో కళాభారతిలో జరిగిన కార్యక్రమం కరపత్రం ఐదేళ్ళ తరువాత ఎవరింట్లోనూ దొరకదు.

పెట్టెలో ఏం పెట్టుకోవాలన్నది మీ పనిని బట్టి ఉంటుంది. మన దగ్గర 230 వోల్టులు, అమెరికా, కెనడాల్లో సుమారు 120. అందుకని ఇక్కడి మోటారు కుట్టు మిషను అక్కడ నేరుగా పనిచేయదు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాలకైతే వోల్టేజి సరిపోతుంది, ప్లగ్గు మారుతుంది. నాట్యం చేసేవారు గజ్జెలను చేతిసంచిలో పెట్టుకోవడం మంచిది. అక్కడి అపార్ట్‌మెంట్లలో చెక్క నేల కింద ఇంకొకరి పడకగది ఉంటుందని, ఇంట్లో కాలు గట్టిగా వేసి సాధన చేయడం కుదరదని ముందే తెలుసుకోవాలి. దళసరి రబ్బరు చాప, దాని మీద ప్లైవుడ్ పలక వేసుకొని కొంతవరకు నెట్టుకురావచ్చు, తక్కినది కమ్యూనిటీ సెంటరు గదిలో. వీణ తీసుకెళ్ళేవారు ఇంకా జాగ్రత్తపడాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ మన కోస్తా తేమలో పుట్టి పెరిగిన వాద్యం. శీతాకాలంలో హీటరు వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి చెక్క పగలవచ్చు, మెట్లను పట్టి ఉంచే మేళం మైనం బిగుసుకుపోవచ్చు. గదిలో తేమను కొలిచే చిన్న పరికరం, హ్యుమిడిఫయరు కొనుక్కొని తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి.

వీసా ఏమి చేయనిస్తుంది

ఈ భాగాన్ని రెండుసార్లు చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఇక్కడ తెలియక చేసిన తప్పు కుటుంబం మొత్తానికి చుట్టుకుంటుంది.

అమెరికాలో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకు హెచ్-4 వస్తుంది. దానితో వెంటనే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయకూడదు. భర్తకు గ్రీన్ కార్డు దారిలో ఐ-140 అనే అర్జీ ఆమోదం పొందాక, లేదా ఆయన హెచ్-1బి ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉన్నప్పుడు, 2015 మే 26 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం ఆమె పని అనుమతి పత్రానికి, అంటే ఈఏడీకి, దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ పత్రం ఉంటే ఉద్యోగమూ చేయవచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. గడువు తీరకముందే, 180 రోజుల ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టుకోవాలి. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యువళ్ళకు పాత పత్రం గడువు దానంతట అదే పెరిగే వెసులుబాటును తీసేశారు కనుక ఆలస్యమైతే పని ఆగిపోతుంది. కంపెనీ బదిలీపై ఇచ్చే ఎల్-1 మీద వెళ్ళినవారి భార్యలకు 2021 నవంబరు నుంచి వేరే పత్రం లేకుండానే పని హక్కు ఉంది. దేశంలోకి ప్రవేశించినట్టు ఇచ్చే ఐ-94 పత్రంలో ఎల్-2ఎస్ అని ఉందో లేదో చూసుకోండి. విద్యార్థి భార్యకు ఇచ్చే ఎఫ్-2 మీద మాత్రం సంపాదించే దారి లేదు.

"ఆన్‌లైన్‌లో ఇండియా పిల్లలకు సంగీతం చెబుతున్నాను, డబ్బు విశాఖ ఖాతాలో పడుతోంది, ఇది పనికిందికి రాదు కదా?" అని చాలామంది అడుగుతారు. డబ్బు ఏ ఖాతాలో పడింది, ఏ కరెన్సీలో పడింది అన్నది ఇక్కడ రక్షణ కాదు. సాధారణంగా మీరు ఎక్కడ కూర్చుని పని చేశారన్నదాన్నే చూస్తారు. వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయానికీ, చేతిపనులు అమ్మే ఎట్సీ వెబ్‌సైటులో అమ్మకానికీ ఇదే భయం ఉంది. అలాగే డబ్బు తీసుకోకపోతే ఏ పనైనా చేయవచ్చన్నది కూడా సరికాదు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసిపెట్టడం స్వచ్ఛంద సేవ కిందికి రాదు. గ్రంథాలయంలో పిల్లలకు కథ చెప్పడం, ధార్మిక సంస్థలో సేవ చేయడం వేరు, ఒక దుకాణానికి డిజైన్లు ఊరికే గీసిపెట్టడం వేరు. సందేహం వస్తే స్నేహితురాలిని కాదు, ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఒక గంట సలహాకు అయ్యే ఖర్చు దండగ కాదు.

బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారి భార్యకు పని హక్కు విశాలంగా ఉంటుంది, సొంత పని కూడా చేసుకోవచ్చు. అదే మీరు విద్యార్థిగా వెళితే, చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటల ఉద్యోగం చేయవచ్చు గానీ స్వయం ఉపాధి నిషిద్ధం. డబ్బు తీసుకొని నాట్య ప్రదర్శన ఇవ్వడం, బొమ్మలు అమ్ముకోవడం ఆ వీసాకు విరుద్ధం. ఈ సంగతి తెలియక చాలామంది అమ్మాయిలు దీపావళి కార్యక్రమాల్లో పారితోషికం తీసుకుంటున్నారు. కెనడాలో భార్యాభర్తలకు ఇచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ 2025 జనవరి 21 నుంచి బాగా ఇరుకైంది; భర్త మాస్టర్స్ చదువుతుంటే ఆ కోర్సు 16 నెలలకు తగ్గకుండా ఉండాలి. కళాకారులు స్వయం ఉపాధి కింద నేరుగా శాశ్వత నివాసం పొందే కెనడా పథకాన్ని 2024 ఏప్రిల్ 30 నుంచి నిలిపివేశారు. దాని పేరు చెప్పి ఎవరైనా ఏజెంటు డబ్బు అడిగితే ఇవ్వకండి.

జర్మనీ గురించి మన వైపు తక్కువ మాట్లాడుకుంటారు గానీ, కళ పని చేసేవారికి అది ఆలోచించదగ్గ దేశం. కుటుంబ ప్రాతిపదికన నివాస అనుమతి పొందిన భార్యకు ఉద్యోగానికీ సొంత పనికీ హక్కు ఉంటుంది. పైగా 1983 నుంచి అక్కడ కళాకారులకూ రచయితలకూ ప్రత్యేక సామాజిక బీమా నిధి ఉంది. స్వతంత్రంగా పని చేసే చిత్రకారిణి ఆరోగ్య, పింఛను బీమా చందాలో సగమే కడితే, తక్కిన సగం కళను వాడుకునే సంస్థల నుంచీ ప్రభుత్వం నుంచీ వస్తుంది. ఏడాదికి 3,900 యూరోలకు మించి కళ ద్వారా సంపాదించాలన్నది షరతు, కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి మూడేళ్ళు ఆ షరతు కూడా వర్తించదు. భాష నేర్చుకోవడం మాత్రం తప్పదు.

మొదటి సంవత్సరం

దిగిన వారంలోనే ఇంట్లో ఒక మూల మీది అని చెప్పి తీసుకోండి. నాకు దొరికింది వంటింటి కిటికీ పక్కన రెండడుగుల బల్ల. భోజనాలయ్యాక దాన్ని తుడిచి, పాత దుప్పటి పరిచి, దాని మీద పని చేసేదాన్ని. ఆ బల్ల దగ్గర రోజూ ఒకే గంటకు కూర్చోండి. పని అనుమతి రానివారు ఈ సంవత్సరాన్ని ఒకే ఒక్క వరుస పని పూర్తి చేయడానికి పెట్టుకోవాలి: పన్నెండు బొమ్మలు, లేదా ఒక వర్ణం పూర్తిగా, లేదా పది కథలు. అమ్మడానికి వీల్లేదు కనుక ఎవరి ఇష్టాన్నీ పట్టించుకోనక్కరలేదు. ఇంత స్వేచ్ఛ మళ్ళీ దొరకదు. నేను పోగొట్టుకున్నది దాన్నే.

ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోవడం రెండో పని. అమెరికాలో, కెనడాలో చాలా లైబ్రరీలు పుస్తకాలతో ఆగవు. ఊరివాళ్ళ బొమ్మలు గోడలకు పెట్టడానికి చోటిస్తాయి, సమావేశాలకు గది ఇస్తాయి, కొన్నింటిలో కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు కూడా ఉంటాయి. అక్కడే మీ పనికి దగ్గరగా ఉండే సంఘాల వివరాలు తెలుస్తాయి. నేతపనివారికి, క్విల్టు కుట్టేవారికి, నీటిరంగుల చిత్రకారులకు ప్రతి ప్రాంతంలోనూ గిల్డులు ఉంటాయి. ఏడాది చందా కొద్దిగానే ఉంటుంది. అక్కడ మీరు ఒక్కరే తెలుగువారు కావచ్చు, మొదటి రెండు సమావేశాల్లో నోరు పెగలకపోవచ్చు. మీ గుడ్డముక్క ఒకటి బల్ల మీద పరవండి, వాళ్ళే మాట్లాడతారు. న్యూయార్క్ ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 2007 నుంచి వలస కళాకారులకు అనుభవజ్ఞులను జతచేసే కార్యక్రమం నడుపుతోంది. ఆ చుట్టుపక్కల ఉండేవారు తప్పక ప్రయత్నించాలి.

మనవారి సంఘాలు కూడా కావాలి. అమెరికా తెలుగువారి సంఘమైన తానా సభలు, పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి తరగతులు, 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఆరాధన వంటి వేదికలు నాట్య, సంగీత కళాకారిణులకు ఒక కుటుంబం లాంటివి. అయితే మనవారి మధ్యనే ఉండిపోతే వచ్చే చిక్కు ఒకటుంది, అదేమిటో కింద చెబుతాను.

ధర, మొహమాటం

నాకు పని అనుమతి వచ్చాక మొదటి ఆరు నెలల్లో నేను చేసిన పనుల్లో సగానికి డబ్బు రాలేదు. "మన ఫంక్షనే కదండీ", "మీకు పేరొస్తుంది కదా", "మీకెంత సేపు, చేయి తిరిగినవారు" అన్న మాటలకు కాదనలేకపోయాను. ఒక సంఘం వేడుకకు పన్నెండు అడుగుల తెర వేశాను. నాలుగు రాత్రులు పట్టింది. రంగుల ఖర్చు కూడా అడగలేదు. అదే వేడుకకు భోజనాలు వండినవారికి, లైట్లు పెట్టినవారికి, ఫొటోలు తీసినవారికి అందరికీ చెక్కులు ఇచ్చారు. నిర్వాహకులు చెడ్డవారేమీ కాదు. ధర చెప్పవలసినది నేను, చెప్పలేదు.

అప్పటి నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. దుపట్టా ఒకటి వేయాలంటే బట్ట 20 డాలర్లు, రంగులు 8, పద్నాలుగు గంటల పని గంటకు 20 చొప్పున 280, మొత్తం 308. దానిపై కరెంటు, కుంచెల అరుగుదల, ప్యాకింగు, అమ్మకపు వేదిక తీసుకునే రుసుము కోసం పదిహేను శాతం చేర్చుకుంటే సుమారు 354. "ఇది ఇండియాలో వెయ్యి రూపాయలకొస్తుంది" అన్నవారికి కోపం తెచ్చుకోకుండా, "అది అచ్చు వేసింది, ఇది చేత్తో వేసింది, పద్నాలుగు గంటలు పట్టింది" అని నోటు పుస్తకం చూపించేదాన్ని. మా మేనకోడలికి తను రాసుకున్న గంటల లెక్క ఉపయోగపడిందన్నది కూడా ఇలాగే. కొందరు కొనలేదు. కొన్నవారు మళ్ళీ వచ్చారు. ఉచితంగా చేయదలచుకుంటే ఏడాదికి రెండు కార్యక్రమాలు మీరే ఎంచుకోండి, వాటికి కూడా పూర్తి ధరతో బిల్లు రాసి, కింద "విరాళం" అని తీసివేసి ఇవ్వండి. ధర ఎంతో వారికి తెలుస్తుంది. నాట్యం నేర్పేవారు నెలకు కాక పది వారాల విడతకు ముందుగా రుసుము తీసుకోవడం మంచిది. పిల్లల సాకరు ఆటలకు తల్లిదండ్రులు అలాగే కడతారు, మనకు కట్టడానికి వారికి కొత్తేమీ కాదు.

ఒప్పందం లేకుండా డిజైను ఫైలు పంపకండి. ఒక దుకాణం నా నెమలి అంచును "ఒక్క చీర కోసం" అని వాట్సాప్‌లో తెప్పించుకొని, డజన్ల కొద్దీ చీరలపై అచ్చు వేయించింది. అడిగితే, "మీరే పంపారు కదా" అన్నారు. ఇప్పుడు నేను ముందు చిన్న సైజు బొమ్మ మాత్రమే, పేరు అడ్డంగా వేసి పంపిస్తాను. డబ్బు వచ్చాకే పెద్ద ఫైలు ఇస్తాను. ఒప్పందం పేజీ నిండా ఉండనక్కరలేదు. ఎన్ని ప్రతులు, ఎంతకాలం, ఏ దేశంలో, కాపీరైట్ ఎవరిది అన్న నాలుగు సంగతులు ఈమెయిల్‌లో రాసి, అవతలివారి అంగీకారం తెప్పించుకోండి. అమెరికాలో రాతపూర్వకంగా సంతకం చేయనిదే కాపీరైట్ చేతులు మారదు. భారతదేశంలోని 1957 నాటి చట్టం ప్రకారం, బదిలీ పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని అర్థం చేసుకోవాలి. విశాఖ దుకాణాలకు పని చేసిపెట్టేవారికి ఈ సంగతి ఉపయోగపడుతుంది. సంగీతం విషయంలో, త్యాగరాజ కీర్తన ఎవరి సొత్తూ కాదు గానీ, దాన్ని పాడిన వారి రికార్డింగు సొత్తే. మీ నాట్యం వీడియోకు ఇంకొకరి రికార్డింగు పెడితే దాన్ని తీసేస్తారు.

ఏటికొప్పాక బొమ్మలు అమ్మాలనుకునేవారికి

విశాఖ నుంచి వెళ్ళే దాదాపు ప్రతి అమ్మాయికీ ఈ ఆలోచన వస్తుంది, మంచి ఆలోచనే. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులను లక్కలో కలిపి అద్దే ఈ కళకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సహజ రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ అమెరికాలో పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల కోసం అని అమ్మే ఏ బొమ్మకైనా గుర్తింపు పొందిన పరీక్షాశాల నివేదికలు, వాటి ఆధారంగా భద్రతా సర్టిఫికెట్ కావాలి. రంగులో సీసం పదిలక్షల్లో 90 పాళ్ళు దాటకూడదు. రంగు సహజమైనదే అన్న నోటిమాట అక్కడ చెల్లదు. యూరపులో, బ్రిటన్‌లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు భద్రతా ముద్ర ఉండాలి. చిన్నగా మొదలుపెట్టేవారు పసుపు కుంకుమ భరిణెలు, దీపపు కుందులు, గాజుల స్టాండ్లు వంటి పెద్దలు వాడే అలంకార వస్తువులతో ఆరంభించడం మంచిది. ఆస్ట్రేలియా వెళ్ళేవారు పెట్టెలో ఒక్క చెక్కబొమ్మ ఉన్నా విమానంలో ఇచ్చే కార్డులో ప్రకటించి తీరాలి. పార్శిల్ ద్వారా అమెరికాకు తెప్పించుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: 800 డాలర్ల లోపు సరుకులకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. తెప్పించుకునే ముందు ఆ రోజు సుంకం ఎంతో కనుక్కొని ధరలో కలుపుకోండి.

లెక్కలు, సొంత కాగితాలు

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో స్వయం ఉపాధి నికరాదాయం ఏడాదికి 400 డాలర్లు దాటితే, ఆదాయపు పన్నుకు తోడు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది. కనుక వచ్చిన ప్రతి చెక్కులో మూడో వంతు వేరే ఖాతాలో వేయండి. ఇండియాలో ఉన్న మీ ఖాతాలన్నిటిలో కలిపి ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అది కూడా ప్రకటించాలి, అమ్మగారితో ఉమ్మడిగా ఉన్న ఖాతా సహా. బ్రిటన్‌లో ఏడాదికి 1,000 పౌండ్ల దాకా చిన్న వ్యాపారానికి మినహాయింపు ఉంది. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవడం మరిచిపోకండి.

పాస్‌పోర్టు, వీసా పత్రాలు, డిగ్రీలు మీ దగ్గరే, మీకు తెలిసిన చోట ఉండాలి; వాటి స్కాన్లు అమ్మానాన్నల దగ్గర కూడా ఉంచండి. మీ పేరుతో ఒక బ్యాంకు ఖాతా, అందులో తిరుగు టికెట్టుకు సరిపడా డబ్బు ఉంచుకోండి. చాలా ఇళ్ళలో ఈ జాగ్రత్త అవసరం పడదు. పడిన ఇళ్ళను నేను చూశాను కనుక చెబుతున్నాను. అమెరికాలో గృహహింసకు గురైనవారు 1-800-799-7233కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, దుబాసీని ఇవ్వమని అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రవాసుల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ కూడా ఉంది. దాని సభ్యత్వం వెళ్ళకముందే తీసుకోండి.

చివరగా, గురువుతో సంబంధం. న్యూజెర్సీలో ఉదయం ఏడు గంటలంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. కాలిఫోర్నియా నుంచైతే రాత్రి ఏడున్నర దాటాక విశాఖలో మరునాటి ఉదయం. వారంలో ఒక్క రోజు ఆ వేళను గురువుగారికి కేటాయించుకొని, పాఠానికి తగిన దక్షిణ పంపుతూ ఉండండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రెండు రోజులు పని కోసమే పెట్టుకోండి: ఒక రోజు గురువుగారి దగ్గర, ఒక రోజు ఏటికొప్పాకలోనో, రంగుల దుకాణాల్లోనో, గజ్జెలు కొత్తగా గుచ్చించుకోవడానికో. ఆ రెండు రోజులూ దిగిన మొదటి వారంలోనే ఉండేలా చూసుకోండి, ఎందుకంటే చివరి వారం బంధువుల ఇళ్ళలో భోజనాలకూ పెట్టెలు తూచుకోవడానికీ సరిపోతుంది.